కమాను కింది మూడు మీటర్లు

జనరల్ మేనేజర్ గారి సముఖమునకు,
విద్యుత్ సహకార సంఘం, శాన్ ఎపిఫానియో పట్టణం, పనాయ్ ద్వీపం.

విషయం: పాల్మారెస్ సందులో కరెంటు తీగలు భూమిలో పాతుకొనుటకు శాశ్వత హక్కు ఇచ్చుట, అందుకు అడ్డుగా ఉన్న సిమెంటు కమాను తొలగించుట గురించి.

అయ్యా,

పై సందులో చివరి ఇంట కాపురముంటున్న పెర్పెతువా పాల్మారెస్, వయసు యాభై ఏడు, అవివాహిత, తమకు మనవి చేసుకొనునది.

అర్జీ పెట్టేవారు ఏదో ఒకటి ఇమ్మని అడుగుతారు. నేను ఇస్తానని వ్రాస్తున్నాను. తమరు పుచ్చుకోవలెను. అంతే నా కోరిక.

1. మా ఇంట్లో వ్యాకులమాత విగ్రహం నాలుగు తరాలుగా ఉన్నది. ప్రభువు సిలువ మీద పోయిన పవిత్ర శుక్రవారం నాడు, కొడుకు కోసం ఏడ్చే ఆ తల్లి రథమెక్కి ఊరంతా తిరుగుతుంది. తల్లికి నల్లబట్టలు కట్టేది నేను. రథం ముందు పొడవాటి వెదురు గడతో నడుస్తూ, కిందికి వేలాడే కరెంటు తీగలను ఎత్తిపట్టేది మా ఆఖరి తమ్ముడు అనిసేతో. తల్లి కిరీటం కొస నేలనుంచి నాలుగున్నర మీటర్లు. ఊళ్లో ఏ తీగ ఎంత ఎత్తున ఉందో వాడికి కంఠతా వచ్చు. ముప్పై ఏళ్లలో కిరీటానికి ఒక్క గీత పడలేదు.

2. సందులో మొదటి ఇల్లు కెప్టెన్ ఎల్పిదియో గరింగలావ్ గారిది. మూడేళ్ల కిందట ఓడ కొలువు చాలించి వచ్చారు. రాగానే సందంతా సిమెంటు వేయించారు. ఎవరూ కాదనలేదు. తరువాత సందు మొగలో కమాను కట్టించారు. దాని మీద లంగరు బొమ్మ, దాని కింద తన పేరు. కరెంటు తీగ పేరుకు అడ్డం వచ్చిందని, దానిని దించి కమాను కిందినుంచి లాగించారు. ఎవరిచేత లాగించారో నాకు తెలియదు. తీగ సిమెంటు అంచుకు ఒరుసుకుంటున్నది చూసి, వెళ్లి చెప్పాను. ఆయన వసారాలో నలుగురితో కూర్చుని ఉన్నారు. ఊరందరిలాగే ఆయనా నన్ను మనాంగ్, అంటే అక్కా, అనే పిలుస్తారు.

"కెప్టెన్ గారూ, తీగ మరీ కిందికొచ్చింది. మా తల్లి రథం ఎలా వెళ్తుంది?"

"దానికేముంది మనాంగ్ పెర్పీ! మీ తల్లిని కాస్త వంగమనండి."

నలుగురూ నవ్వారు. నేను ఇంటికి వచ్చి జపమాల చెప్పుకున్నాను.

3. పోయిన ఏడు పవిత్ర శుక్రవారం, సాయంత్రం అయిదు గంటలకు, అప్పుడే వాన వెలిసింది. కమాను కింద అనిసేతో తీగ ఎత్తాడు. ఒరుసుకుపోయిన చోట అది తెగి, వాడి కుడిచేతికి చుట్టుకుంది. మోచేతి కిందనుంచి చెయ్యి తీసివేశారు. వాడు సెలూన్ నడుపుకునేవాడు. కత్తెర పట్టింది ఆ చేతితోనే.

ఆసుపత్రిలో కళ్లు తెరిచి వాడు అడిగిన మొదటి మాట:

"అక్కా, అమ్మ కిరీటానికేం కాలేదు కదా?"

"ఏం కాలేదురా."

"అయితే సరే. ఎడంచేత్తో గడ్డం గీయడం నేర్చుకుంటాలే. మొట్టమొదట కెప్టెన్‌నే కూర్చోబెడతా."

4. కెప్టెన్ గారు పళ్లబుట్ట పంపించారు. పళ్లు పందులకు వేశాను. బుట్ట కడిగి తిప్పి పంపాను.

5. జూన్ నెలలో తమ ఇంజనీరమ్మ వచ్చి, సందువాళ్లు ఒప్పుకుంటే తీగలు భూమిలో పాతుతామని చెప్పినది. కెప్టెన్ గారు గేటు దగ్గర నిలబడి, "ఇది ప్రైవేటు రోడ్డు. సిమెంటు నాది. ఒక్క గడ్డపార పడిందో, కోర్టుకీడుస్తా" అన్నారు. మిగతా ఏడు ఇళ్లవాళ్లు తలుపులు వేసుకున్నారు. ఆ అమ్మాయి "యజమాని నిరాకరించారు" అని వ్రాసుకొని కాగితం మడిచివేసినది. యజమాని ఎవరని మాత్రం అడగలేదు. ఈ ఊళ్లో అంతే. సిమెంటు ఎవరు పోస్తే రోడ్డు వారిదే అనుకుంటారు.

6. మా నాన్న ఈ నేలను తొమ్మిది ఇళ్ల స్థలాలుగా కోసి, ఎనిమిది అమ్మి, ఒకటి మాకు ఉంచుకున్నారు. పదవది రోడ్డు. రోడ్డు కొనేవారు ఎవరుంటారు? అది నాన్న పేరనే ఉండిపోయింది. పంపకాలప్పుడు అనిసేతో నవ్వుతూ అన్నాడు: "రోడ్డు అక్కకిచ్చేద్దాం. ఎప్పుడూ చర్చికి నడుస్తూనే ఉంటుందిగా." అందరూ నవ్వుతూనే సంతకాలు పెట్టారు. పట్టా నకలు జతచేయడమైనది. కమాను నా నేలలో లేస్తూ ఉంటే, ఇరుగుపొరుగు కదా అని నోరు మూసుకున్నాను. ఆ తప్పు నాదే. దానికి తమ్ముడి చెయ్యి పోయింది.

7. కావున ఆ రోడ్డులో తూర్పు అంచు వెంబడి, మొదలునుంచి చివరవరకు, మూడు మీటర్ల వెడల్పున కేబుల్ పాతుకొనుటకు, ఎప్పుడు కావలసివస్తే అప్పుడు తవ్వి బాగుచేసుకొనుటకు తమ సంఘానికి శాశ్వతముగా, ఉచితముగా హక్కు ఇస్తున్నాను. నా తరువాత వారికి కూడా దీనిని రద్దుచేయు అధికారము లేదు. ఆ మూడు మీటర్లలో ఏ కట్టడమూ ఉండరాదు. కేబుల్ ఎక్కడా వంపు తిరగరాదు.

పడమట మురుగుకాలువ ఉన్నదని, తూర్పు తప్ప వేరే చోటు లేదని తమ ఇంజనీరమ్మ చెప్పినది. నేనే అడిగి తెలుసుకున్నాను. సర్వేయరు కొలిచాడు. కమాను తూర్పు కాలు మొత్తం, కెప్టెన్ గారి వసారా మెట్లు నాలుగు అందులోకి వస్తాయి. దస్తావేజు వ్రాసేటప్పుడు వకీలు కలం ఆపి అన్నాడు:

"మనాంగ్, మొగ దగ్గర ఒక్క మీటరు పక్కకి జరిపితే కమాను బతుకుతుంది."

"తెలుసు."

"మరి?"

"వ్రాయండి."

8. ఈ సంగతి తెలిసి, పోయిన మంగళవారం కెప్టెన్ గారు మా ఇంటికి వచ్చారు. మూడేళ్లలో ఇదే మొదటిసారి. టోపీ తీసి చేతిలో పట్టుకున్నారు.

"తీగ నేనే పైకి కట్టించేస్తాను మనాంగ్. మీరు దేవుడి మనిషి. మీకు నేను చెప్పాలా?"

"అక్కర్లేదు."

"ముప్పై ఏళ్లు సముద్రం మీద తిరిగాను. నాకంటూ మిగిలింది ఆ పేరొక్కటే. కేబుల్‌కి అది అడ్డమొస్తే నన్నేం చేయమంటారు?"

"కాస్త వంగమనండి."

లోపలి గదిలో అనిసేతో దగ్గాడు. అది దగ్గు కాదని ఆయనకూ తెలుసు.

కాబట్టి తమరు ఈ హక్కును పుచ్చుకొని, వచ్చే పవిత్ర శుక్రవారానికి ముందే కమాను తీయించి, తీగలు పాతించి, మా తల్లి ఎవరూ గడ పట్టకుండా సందు దాటేటట్లు చూడవలెను. దస్తావేజు, పట్టా, సర్వే పటం జతపరిచాను. తమరు చిత్తగిస్తే చాలు, మరొకటి అడగను.

ఇట్లు,
తమ విధేయురాలు, ఆ నేలకు హక్కుదారు,
పెర్పెతువా పాల్మారెస్

తా.క. పని మొదలుపెట్టే రోజు ముందుగా కబురు చేయండి. పనివాళ్లకు అన్నం నేను వండుతాను. మొదటి సమ్మెట దెబ్బ మా తమ్ముడిది. ఎడంచేత్తో రోజూ పెరట్లో సాధన చేస్తున్నాడు. కుర్చీ వేసుకొని నేను ఎదురుగా కూర్చుంటాను.

ఇంకొకటి. ఇదంతా పాపసంకీర్తనంలో ఫాదర్ గారికి చెప్పాను. "పశ్చాత్తాపం ఉందా అమ్మా?" అన్నారు. "కమాను పడ్డాక చూసుకుని చెప్తాను ఫాదర్" అన్నాను. ఆయన పాపక్షమాపణ ఇవ్వలేదు. అది దొరకనిదే సత్ప్రసాదం పుచ్చుకోరాదు. ఈస్టర్ నాడు దివ్యసత్ప్రసాదం తీసుకోకుండా నేను ఏనాడూ ఉండలేదు. కనుక త్వరపడండి.