రాయి మోగింది, హారికా

అమ్మా హారికా,

నీవు ఎదురుచూసిన నవల చివరి భాగం వచ్చింది. నీ స్నేహితురాలు పర్వీన్ దానిని నంద్యాలలో కొని, ఈ ఉదయం ఆళ్లగడ్డలోని మన శిల్పశాలకు తెచ్చి ఇచ్చింది. "మామా, హారిక చెప్పినోడే హంతకుడు. పందెంలో నేనే ఓడిపోతి," అని నవ్వబోయి ఆగిపోయింది.

ఆ నవలలో వింత శక్తులతో నేరాలను ఛేదించే నలుగురు పిల్లలలో, గోడల వెనుక చప్పుళ్లను వినగలిగే అమ్మాయే నీకు ఇష్టం. సుత్తితో తట్టి రాయి లోపలి పగులును కనిపెట్టే నన్ను చూసి, "నాయనా, నిన్ను గూడా ఆ గుంపులో చేర్చుకోవల్ల," అనేదానివి. రాత్రిబడిలో చదివి పట్టా పొందినవాణ్ణి కనుక, అది శక్తి కాదు, అభ్యాసమని సరిదిద్దేవాణ్ణి. లోలోపల గర్వపడేవాణ్ణి.

నీ గుండెలో పుట్టుకతోనే లోపం ఉన్నదని వైద్యులు చెప్పింది నీవు పోయిన తరువాత. పసితనమంతా నీవు నా ఎదమీదే నిద్రపోయావు; ఈ చెవులకు ఆ లోపం వినిపించలేదు.

మధ్యాహ్నం అమ్మవారి విగ్రహానికి కొత్త రాయి దిగింది. తట్టాను. గంటలా మోగింది. మళ్లీ తట్టాను.

"ఏందన్నా, మంచి రాయే గదా! ఇంగా ఎన్నిసార్లు ఇంటావ్?" అన్నాడు నాతో పనిచేసే ఓబులేసు.

మంచి రాయేనని నాకూ వినిపిస్తూనే ఉన్నది. అయినా ఉలి పెట్టలేకపోయాను.

మీ నాయన