ట్రైలర్ నడుము వంగుతాంది

అన్నా,

ఇయ్యాల కేసముద్రం పోకు. సేటు ఎంత మొత్తుకున్నా పత్తి బోరాలు ఎక్కనియ్యకు.

మిలిట్రీ వేలంల తెచ్చిన మన ట్రైలర్ నడుము వంగుతాంది! నిన్న చర్చి అయ్యగారు బండికి ప్రార్థన చేస్తాంటే సంఘమంత దాని మీదెక్కి నిలవడ్డరు గద. అందరు కండ్లు మూసుకున్నరు. నేను కింద నిలవడి మూసుకోలే. పొడుగు ఇనుప దూలం నడిమిట్ల కిందికి దిగుతాంటే చూసిన! ఆమెన్ అని అందరు దిగినంక గూడ అది పూర్తిగ లేవలే. నలభై మందికే గట్లయితే బోరాలకేం ఆగుతది?

పొద్దుగాల నువ్వు లేవకముందే దూలం మీద ఈ కొస నుంచి ఆ కొసకు దారం గుంజి కట్టిన. ఖాళీ బండికే నడిమిట్ల దారం కింద రెండు వేళ్ల సందున్నది. ట్రైలర్ మెడ లారీ మీద ఆనేకాడ రంగు గీకితే సన్నటి పగులు గూడ కనవడ్డది. ఒక్క దారం ముక్కతోని దొరికిందన్నా! నా కాళ్లు భూమ్మీద నిలుస్తలేవు.

"పట్నంల సదివినోడు ఇనుముకు గూడ పరీక్ష పెడ్తాండు" అని నవ్వుతవ్ తెలుసు. నవ్వు గని, బండి కదిలియ్యకు. నువ్వే గద తోలేటోనివి.

నేను సైకిల్ మీద కాజీపేట పోతాన. వెల్డింగు చేసే దేవదానం మామను తోల్కొస్త. అందాక దారం ఇప్పకు.

నీ తమ్ముడు
ఇమ్మానుయేలు

ఇంకోటి. మొదటి ట్రిప్పుల తల్లిగారింటికి పోతానని వదినె అప్పుడే కొత్త చీర కట్టుకొని కూసున్నది. ఇయ్యాల ప్రయాణం లేదని ఆమెకు నువ్వే చెప్పు. నాకు గంత ధైర్యం లేదు.