ఆమె నొక్కిన మీట

రాజోలు తాలూకా,
ఏప్రిల్ 2004

బావగారికి,

తన చివరి రోజు ఉదయం మీ చెల్లెలు ఓటు వేసి వచ్చింది. మధ్యాహ్నం అన్నం తిని పడుకుంది. మళ్లీ లేవలేదు.

ముప్పై ఏళ్లూ నేను చెప్పిన గుర్తుకే వేసింది. ఈసారి కొత్త మిషను. ఎవరికి వేశావని అడిగాను. "ఆయ్, మిషనే చెప్పదంటండీ, నేనెలా చెప్తాను?" అని నవ్వింది. ఆ మిషన్లు వద్దని ఊరంతా వాదించినవాణ్ణి నేను. నా ఇంట్లో నాకు తెలియని మనసొకటి ఉందని ఒక చిన్న మీట చూపించింది. ఇంకా ఆశ్చర్యంగానే ఉంది.

మిషను పాడై మా బూతు ఓట్లు రద్దు చేశారు. ఆమె ఓటూ పోయింది. రేపు రీపోలింగు.

మైలలో పదోరోజు దాకా గడప దాటకూడదని మీరు మస్కట్ నుంచి ఫోనులో చెప్పారు. మన్నించండి. రేపు ఉదయం స్నానం చేసి వెళ్లి లైనులో నిలబడతాను. ఎప్పటిలా పార్టీ చెప్పిన గుర్తుకు కాకుండా, మొదటిసారి నాకు తోచినవారికి వేస్తాను.