హంద్రీలో తెల్లవారుజాము శాంపిల్

డిసెంబర్ 9, మంగళవారం

హంద్రీ ఏట్లో మళ్లీ చేపలు చచ్చి తేలాయి. ఇక్కడే చేపలు పట్టే గిడ్డయ్య నీళ్లలో విషపు మందు కలిపాడని చేపలు పట్టేవాళ్ల సంఘం అంటోంది. అతన్ని ఏట్లో దిగనివ్వడం లేదు. మధ్యాహ్నం మూడింటికి ల్యాబ్ తరఫున వెళ్లి శాంపిల్ తీశాను. లీటరుకు 8.4 మిల్లీగ్రాముల ఆక్సిజన్. చేపలకు ఐదుంటే చాలు. చలికాలం నీళ్లలో ఆక్సిజన్ ఎక్కువే ఉంటుంది. రిపోర్టులో "నార్మల్" అని రాశాను. నీళ్లు బాగున్నాయంటే ఇక మందే కారణమని సంఘం తేల్చేసింది.

డిసెంబర్ 11

గిడ్డయ్య ల్యాబ్ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. అరవై దాటిన మనిషి. కోప్పడలేదు. "ఎండలో వచ్చి జూస్తే ఏం తెలుస్తాదమ్మా? తెల్లారకముందు రా. ఊపిరాడక కొట్టుకుంటాంటాయి" అన్నాడు.

తెల్లవారుజామున శాంపిల్ తీయనా అని మా ల్యాబ్ ఇన్‌చార్జి జయకుమార్ సార్‌ని అడిగాను. షెడ్యూల్‌లో మూడు గంటలనే ఉంది, అది చాలన్నారు.

డిసెంబర్ 12, ఉదయం 5.40

సార్‌కు చెప్పకుండా టెస్ట్ కిట్‌తో ఏటి దగ్గరకు వచ్చాను. బాటిల్‌లో నీళ్లు పట్టి రెండు రసాయనాలు వేశాను. ఆక్సిజన్ ఉంటే అడుగున గోధుమ రంగు మడ్డి దిగాలి. తెల్లగా దిగింది, విరిగిన పాలలా. ఇంకోటి పట్టాను. అదీ తెలుపే. ఎంత ఉండాదని ఒడ్డున నిలబడిన గిడ్డయ్య అడిగాడు. ఏమీ లేదన్నాను.

అదే రోజు, ఉదయం 10

ఏట్లో పారుదల లేదు. నీళ్లనిండా పాచి, మురుగు. ఎండలో పాచి ఆక్సిజన్ వదులుతుంది. చీకటి పడితే అదే పీల్చేస్తుంది. ఎమ్మెస్సీలో చదివిందే. మంగళవారం నాకు తట్టలేదు.

డిసెంబర్ 13

తెల్లవారుజాము ఫలితం రిజిస్టర్‌లో ఎక్కించొద్దన్నారు సార్. "మన రిపోర్టును మనమే తప్పంటే ఎట్లమ్మా?" అన్నారు. నా కాంట్రాక్టు మార్చిలో అయిపోతుందని కూడా గుర్తుచేశారు, మెల్లగానే.

డిసెంబర్ 15

ఎక్కించాను. మొదటి రిపోర్టు చాలదని, అది నా పొరపాటని కింద రాసి సంతకం పెట్టాను. ఒక కాపీ సంఘానికి ఇచ్చాను.  

డిసెంబర్ 18

సంఘం పెద్ద ఓబులేసు తెల్లవారుజామున తానే వెళ్లి చేపలు ఊపిరాడక కొట్టుకోవడం చూసి వచ్చాడట. అందరి ముందూ గిడ్డయ్యతో "మాదే తప్పప్పా, ఏట్లోకి రా" అన్నాడట.

జనవరి 3

నన్ను ఏటి శాంపిళ్ల నుంచి తీసి కోడుమూరు బోరు నీళ్ల టెస్టులకు మార్చారు. కారణం ఎవరూ చెప్పలేదు. 

జనవరి 9

గిడ్డయ్య బకెట్‌తో ల్యాబ్‌కు వచ్చాడు. లోపల ఒక కొరమీను. "రెండువారాలకు ఇదొకటే పడిండాదమ్మా. ఇది పైకొచ్చి గాలి తాగి పోతాది, అందుకే బతికుండాది" అన్నాడు.

బకెట్ చుట్టూ నిలబడ్డాం. సార్ కూడా.

కొరమీను పైకి వచ్చింది. నోరు తెరిచింది. లోపలికి పోయింది.