రెండువేల మూడువందల పదహారు కిలోమీటర్ల అబద్ధం

బస్సు డిపోలో ముప్పై ఆరేళ్లు రంగులు వేసి రిటైరైనవాణ్ణి, ఏ బడీ నేర్పకుండా వాక్యం నేర్చుకుని ప్రతి ఆదివారం ఉదయం పదిన్నరకి మా సంఘంలో ప్రసంగించేవాణ్ణి అయిన నేను, నా డెబ్బై నాలుగో ఏట, మతి చెడకుండా, ఎవరి ఒత్తిడీ లేకుండా రాస్తున్న ఆఖరి వీలునామా ఇది. నా బుద్ధి నిలకడగా ఉందని డాక్టరు కాగితం ఇచ్చాడు. కోపం సంగతి ఆయన అడగలేదు. ఉంది. గ్రంథం ఒళ్లో పెట్టుకుని మరీ ఉంది.

ఇంతకుముందు రాసిన వీలునామా ఇందుమూలంగా రద్దు. దీన్ని అమలుపరిచే బాధ్యత టైలరైన నా తమ్ముడిది. ఒరే తమ్ముడూ, నువ్వు మెతకవాడివి. ఈ ఒక్కసారి గట్టిగా ఉండు.

1. షెడ్డులోని ఎర్ర కారు నా స్వార్జితం. రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు, టాపు మడిచేది. రిటైరైన ఏడు, వచ్చిందంతా పోసి ఒక ముసలి డాక్టరు దగ్గర కొన్నాను. మీటరు మీద 2,316. నడిపితే అంకె మారుతుందని లారీ మీద తెచ్చాను. పంతొమ్మిదేళ్లు శనివారం శనివారం ఉన్నచోటే ఇంజను ఆన్ చేసి, నోటుబుక్కులో 2,316 అని రాసుకున్నాను. కారు వచ్చిన రోజున నా భార్య, "ఏవండీ, ఒక్కసారి ఆ మలుపు దాకా తిప్పరూ" అంది. "నువ్వు కూర్చుంటే సీటు నలుగుతుంది" అన్నాను. ఆ మాట నాదే. ఇందులో ఉండనివ్వండి.

2. ఆ మీటరు తప్పుడు సాక్షి. కారు కొంటానన్న పెద్దమనిషి పోయిన నెల ఒక పరీక్షకుణ్ణి పంపాడు. అతను డ్యాష్‌బోర్డు కింద లైటు పెట్టి చూసి, "అయ్యగారూ, మీటరు రెండు వేలంటోంది గానీ, క్లచ్ పెడల్ ఇరవై వేలంటోందండీ. ఎవరో మీటరు కేబుల్ ఊడదీసి నడిపారు" అన్నాడు. రబ్బరు ఒకవైపే అరిగింది, చిన్న పాదం పెట్టినంత మేర. అప్పుడు నా కూతురు చెప్పింది: "నాన్నా, అమ్మకి తలనొప్పి లేదు. ఎప్పుడూ లేదు."

పదకొండేళ్లు! ప్రతి ఆదివారం తలనొప్పని ఇంట్లో ఉండిపోయిన మనిషి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించాను. సంఘమంతటి చేతా కన్నీళ్లతో ప్రార్థన చేయించాను. ఆ గంటన్నరా ఆవిడ టాపు తీసేసి, కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని, వేరుశెనక్కాయలు తింటూ రిజర్వాయరు కట్ట దాకా పోయి వచ్చేది. ఆవిడకి డ్రైవింగ్ నేర్పింది మా సంఘంలోని మెకానిక్ నట్టు. కేబుల్ విప్పిందీ, పెట్రోలు నింపిందీ, అరిగిన టైర్లకి అలాంటివే వెతికి తెచ్చిందీ వాడే. ముందు వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా ఆమెన్ అనేవాడు.

3. నా కొడుకు ఆ రోజు ఏమన్నాడో రాయక తప్పదు. "కొత్త రబ్బరు వేయించేద్దాం నాన్నా. తక్కువ తిరిగిన బండికే రేటు. నువ్వు నోరు విప్పకపోతే ఎవడికి తెలుస్తుంది?" అన్నాడు. అందుకే ఇక్కడ విప్పుతున్నాను. ఇది రిజిస్టరయ్యాక ఆ అంకెని ఎవడూ అమ్ముకోలేడు. ఇల్లు నీకూ చెల్లెలికీ చెరిసగం, తండ్రిగా అది నా బాధ్యత. అదనంగా నీకు కారు కప్పిన గుడ్డలు, నోటుబుక్కులన్నీ, నా గ్రంథం. యజమాని ఇచ్చిన నాణేన్ని గోతిలో పాతిపెట్టిన సేవకుడి కథ దగ్గర పేజీ మడిచాను. నిన్ను తిట్టడానికి మడవబోయాను. చదివితే ఆ సేవకుడు నేనే.

4. పాత కార్ల క్లబ్బువాళ్లు "చెక్కుచెదరని కారు" అని ఇచ్చిన షీల్డు వాళ్ల మొహానే కొట్టాలి. మర్యాదగా కావాలంటే పార్సిల్లో పంపు తమ్ముడూ.

5. పరిశుద్ధత అంటే నా కారులా ఎవరూ ముట్టకుండా ఉండటమని ఎన్నిసార్లు ప్రసంగించానో సంఘానికి తెలుసు. రెండో అంశాన్ని నా సమాధి కార్యక్రమంలో బిగ్గరగా చదవాలి. నవ్వేవాళ్లని నవ్వనివ్వండి.

6. నా భార్య పోయి రెండేళ్లయింది. పోట్లాడదామంటే మనిషి లేదు. అసలు బాధ అదీ. డ్రైవరు సీటు కింద ఆవిడ హెయిర్‌పిన్ను దొరికింది. దాన్ని నా చొక్కా జేబులో పెట్టి పాతిపెట్టాలి.

7. కారు సర్వహక్కులతో నా కూతురికి. నా దగ్గర పదకొండేళ్లు దాచావు, నిన్నింకా క్షమించలేదు. షరతు ఒక్కటే: మీటరు కేబుల్ ఇక ఎన్నడూ విప్పకూడదు. నడిపినదంతా లెక్కకు రావాలి.

8. నట్టుకి నా పనిముట్లు రాద్దామనుకున్నాను. సాక్షి సంతకం పెట్టేవాడికి ఏమీ రాయకూడదని వకీలు చెప్పాడు. అందుకని వాణ్ణే సాక్షిగా పెట్టాను.

కారు స్థితి: ఈ ఉదయం నట్టు కేబుల్ బిగించాడు. నా కూతురు నడిపింది, నేను పక్క సీట్లో కూర్చున్నాను. రిజర్వాయరు కట్ట దాకా పోయి వచ్చాం. మీటరు 2,347. అందులో చివరి ముప్పై ఒకటి నిజం. పక్క సీటు నలిగి ఉంది. ఇస్త్రీ చేయించవద్దు.

మార్చి తొమ్మిదో తేదీ, ఆదివారం, ఉదయం పదిన్నర. ఈ పూట ప్రసంగం లేదు. తలనొప్పి అని కబురు పంపాను.

(సంతకం)
ఎర్ర కారు యజమాని

నా కళ్లెదుట సంతకం చేసిన సాక్షులు:
1. మెకానిక్ నట్టు
2. పక్కింటి కళ్లజోళ్ల షాపావిడ