తెలుగు మాట్లాడితే మనవాడేనా

మార్చి 3
మళ్ళీ తెలియని నంబరు. "ఫొటో చూశాను, రోహిణి నక్షత్రం కదా?" నా నక్షత్రం వీడికెట్లా తెలుసు? కట్ చేశాను. పొద్దుటినుంచీ ఇలాంటివే.

మార్చి 4
తెలిసింది. మా తెలుగువాళ్ళ సంఘం పెళ్ళి సంబంధాల ఫైలు. జాతకం, ఇంటిపేరు, జీతం, ఫొటో, నంబరు — అమ్మాయిలందరివీ. తాళం లేని లింకు, ఎవరెవరి గ్రూపుల్లోనో తిరుగుతోంది. పెట్టింది కార్యదర్శి, అంటే మా మామ, అమ్మ తమ్ముడు. ఫోన్ చేస్తే నవ్వు. "అంతా మన జనమే గదా పాపా, మనవాళ్ళకు పాస్‌వర్డ్ ఎందుకు?"
మనవాళ్ళు!

మార్చి 6
తుడియలూరు బస్‌స్టాపు. బైకు మీద ఒకడు. పేరు పెట్టి పిలిచాడు. "ఈ బస్సేనని తెలుసు" అన్నాడు. బస్సు వేళ ఫైల్లో లేదే...
ఇంటికొచ్చి అరిచాను. అవ్వ వక్క నమలడం ఆపింది. "ఒకడు ఇంటికి ఫోన్ చేసె కన్నూ. తెలుగులో మాట్లాడె. మనవాండే అనుకొంటిని. పాప ఎప్పుడు పోతాదని అడిగితే చెప్తిని."
వీధిలో అంతా తమిళం. ఇంటి భాషతో వచ్చినవాడికి అవ్వ తలుపు తీస్తుంది, తరతరాలుగా అంతే. ఆమె మీద కోపం రావాలి. రాలేదు. వాడి మీద వచ్చింది, మామ మీద వచ్చింది.

మార్చి 7
లా చదివిన కవితకు ఫోన్. డేటా చట్టం వచ్చింది గానీ, "నా వివరాలు చెరిపేయండి" అని అడిగే హక్కు ఇంకా అమల్లోకి రాలేదట.
"అందాకా బస్సెక్కకూడదా నేను?"
"ఎవరే చెప్పింది? వెంటపడటం ఇవాళ కూడా నేరమే. స్టేషన్‌కు పో. మీ మామకు రాసిచ్చి అడుగు — ఎవరికి పోయింది, తీసేశారా, మిగతా పిల్లలకు చెప్పారా."

మార్చి 9
రాసిచ్చాను, రెండు చోట్లా. స్టేషన్‌లో ఎస్సై తమిళంలో, "సంబంధాలు చూసే వయసు, ఇవన్నీ సహజమేనమ్మా." నేనూ తమిళంలోనే, "సహజమని రాసి సంతకం పెట్టండి సార్." పెట్టలేదు. రసీదు ఇచ్చాడు. అది చేతికొచ్చేదాకా కుర్చీ వదల్లేదు.

మార్చి 12
మామ వచ్చాడు. కాఫీ ముట్టలేదు. లింకు తీసేశాడట. మిగతా ఇళ్ళకు మాత్రం చెప్పడట. "చెప్తే సంఘం పేరు పోతాది. రేపు నీకు సంబంధం ఎవరు తెస్తారు?"
"బస్‌స్టాపు దాకా ఒకణ్ణి తెచ్చావు గదా మామా, చాలు."
వంటింట్లో అమ్మ గిన్నె గట్టిగా పెట్టింది. ఎవరి మీద కోపమో తెలియలేదు.

మార్చి 15, ఆదివారం
ఇవాళ సంఘం కూటం, అందరూ చేరతారు. మైకు ఇవ్వరట. నా గొంతుకు మైకెందుకు? అమ్మాయిలందరికీ వినబడేట్టు చెప్తాను.
గుమ్మంలో అవ్వ, పట్టుచీరలో. "నేనూ వస్తా. చెప్పింది నా నోరే గదా. ఆ నోటితోనే చెప్పనీ."
అమ్మ చెప్పుల కోసం వెతుకుతోంది. రావడానికో, నన్ను ఆపడానికో...
ఆటోలో రాస్తున్నాను. అమ్మ ఇంకా గడపలోనే ఉంది.
డ్రైవరు వెనక్కి తిరిగాడు. తెలుగులో — "యాడికవ్వా పోవాల?"
అవ్వ చెప్పబోయి ఆగింది. నా ముఖం చూసింది.