అమ్మ ఆగిన చోట

నాయనా,

నువ్వు పోయి ఏడాదైంది. మన మగ్గం మీద చిన్న సినిమా తీస్తున్నాను. ఎప్పుడూ నీ పక్కన కూర్చుని అంచు నేసే అమ్మను, ఇప్పుడు ఒక్కతినే మగ్గం ముందు కూర్చోబెట్టి కెమెరాతో తీశాను. పోగును అటూ ఇటూ మోసే నాడెను నువ్వు విసిరినట్టే, అమ్మ ఉత్త గాల్లోనే అందుకుంది. నీ ఖాళీ చోట నిన్ను, నాడెను బొమ్మలుగా గీసి కదిలిస్తున్నాను.

ఎంతకీ కుదరదే! బొమ్మలో నువ్వు నాడె విసిరేసరికి అమ్మ ఊరికే ఆగిపోయి ఉంటుంది. నాలుగుసార్లు చెరిపి గీశాను. చివరికి విసుగొచ్చి ఆమె ఆగిన చోట్లన్నీ కత్తిరించేశాను. చేతులు చక్కగా కలిశాయి.

పొద్దున అమ్మకు చూపించాను.

"బాగుండాది గానీ, నేను ఆగిందంతా యాడికి పాయ? మీ నాయన దగ్గుతాడని గదా ఆగింది!"

కత్తిరించినవన్నీ మళ్లీ అతికించాను. ఇప్పుడు నువ్వు దగ్గుతున్నావు, అమ్మ ఆగుతోంది.